పాత రికార్డు, కొత్త స్పీకరు: నడుమ రిసీవర్ చేయాల్సిన పని

చెన్నైలో కోడంబాకం, సాలిగ్రామం, టి.నగర్ ప్రాంతాల్లో రెండు మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా ఒక అల్మారా నిండా గ్రామఫోను రికార్డులు కనిపిస్తాయి. తెలుగు సినిమా మద్రాసులో తయారైన రోజుల్లో ఈ చుట్టుపక్కల స్టూడియోలలో పాడిన పాటలు కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయి, మళ్లీ ఈ ఊరి దుకాణాలకే చేరేవి. వాటిని వినిపించిన టర్న్‌టేబుల్, దానికి జోడీగా కొన్న రిసీవర్ చాలా ఇళ్లలో ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. ముందుగా పాడయ్యేవి స్పీకర్లు. ఉక్కపోతకు, ఏళ్ల తేమకు వాటి కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు పొడిపొడిగా రాలిపోతుంది, ఇల్లు ఖాళీ చేసి ఫ్లాటులోకి మారినప్పుడు ఆ పెద్ద పెట్టెలకు చోటు కూడా ఉండదు. ఇంతలో పిల్లలెవరో పుట్టినరోజుకని ఒక వైర్‌లెస్ స్పీకర్ తెచ్చి పెడతారు.

మా పెదనాన్నగారింట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన ఫోన్ చేసి, "ఒరే, రిసీవర్ వెనకాల ఇరవై రంధ్రాలున్నాయి. ఈ స్పీకర్‌కేమో ఒక్కటే ఉంది. దేన్ని దేనికి పెట్టమంటావు?" అని అడిగారు. ఆ ప్రశ్నలో మొత్తం చిక్కు ఉంది. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పగలిగినా, ఎందుకు అలాగే పెట్టాలో తెలియకపోతే మరుసటి రోజు ఇంకో తీగ ఊడినప్పుడు మళ్లీ మొదటికే వస్తాం. అందుచేత ముల్లు దగ్గర మొదలుపెట్టి స్పీకరు దాకా ఆ పాట నడిచే దారిని వరసగా చూడటమే మేలు.

ముందుగా రెండు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. రిసీవర్ అని మనం పిలిచే పెట్టెలో నిజానికి మూడు యంత్రాలు ఉంటాయి: రేడియో ప్రసారాలను అందుకునే ట్యూనర్, వేర్వేరు పరికరాలలో ఒకదాన్ని ఎంచుకుని శబ్దాన్ని సరిచేసే ప్రీయాంప్లిఫయర్, స్పీకర్లను కదిలించే బలాన్నిచ్చే పవర్ యాంప్లిఫయర్. రేడియోను అందుకుంటుంది కాబట్టి దానికి రిసీవర్ అనే పేరు వచ్చింది. బ్లూటూత్ భాషలో మాత్రం పాటను గాలిలోకి పంపేదాన్ని ట్రాన్స్‌మిటర్ అని, గాలిలోంచి అందుకునేదాన్ని రిసీవర్ అని అంటారు. ఈ లెక్కన వైర్‌లెస్ స్పీకరే ఒక రిసీవర్. కొత్త రిసీవర్ల మీద బ్లూటూత్ గుర్తు ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం ఫోనులోంచి వచ్చే పాటను అందుకోవడానికే తప్ప బయటికి పంపడానికి తయారైనవి కావు. అందుకునే రెండు పరికరాలను ఎదురెదురుగా పెట్టి జత కలపమంటే అవి ఒకదాన్నొకటి ఎప్పటికీ కనుక్కోలేవు. గంటల తరబడి బటన్లు నొక్కి విసిగిపోయేవారిలో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

రెండో పేరు వైర్‌లెస్ స్పీకర్. కొనేవాళ్లకు కనిపించేది తీగ లేకపోవడమే అయినా, మన పనికి అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. పాతకాలపు స్పీకరు పెట్టెలో కోను, అయస్కాంతం, తీగచుట్ట మాత్రమే ఉండేవి, బలమంతా బయటినుంచి రావాలి. వైర్‌లెస్ స్పీకర్ తన యాంప్లిఫయర్‌ను తన కడుపులోనే పెట్టుకుని ఉంటుంది. దానికి మనం ఇవ్వవలసింది బలం కాదు, సరైన మోతాదులో ఉన్న పాట మాత్రమే. అంటే రిసీవర్‌లోని మూడు యంత్రాలలో పవర్ యాంప్లిఫయర్‌తో ఇక పని లేదు. రేడియో వినాలనుకుంటే తప్ప ట్యూనర్‌తోనూ పని లేదు. మిగిలేది ప్రీయాంప్లిఫయర్, అందులోనూ ఫోనో అనే ఒక చిన్న భాగం. రిసీవర్‌ను ఉంచాలా, పక్కన పెట్టాలా అనే ప్రశ్నకు సమాధానం ఆ ఫోనో భాగం చేతిలో ఉంది.

ముల్లు నుంచి పుట్టే సిగ్నల్ బలం

రికార్డు గాడిలో ముల్లు కదిలినప్పుడు, ఆ ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ అనే చిన్న డబ్బీలోని అయస్కాంతం తీగచుట్టల మధ్య ఊగుతుంది, ఆ ఊపుకు విద్యుత్తు పుడుతుంది. మూవింగ్ మ్యాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌లో అది దాదాపు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ఖరీదైన మూవింగ్ కాయిల్ రకంలో సాధారణంగా అర మిల్లీవోల్టుకు మించదు. బయటి పరికరాల పాటను తీగ ద్వారా అందుకునే స్పీకరు మీది ఆక్స్ సాకెట్‌గానీ, బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్‌గానీ ఆశించే సిగ్నల్ మాత్రం వోల్టులో మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. దీన్ని లైన్ లెవెల్ అంటారు. సీడీ ప్లేయర్, క్యాసెట్ డెక్, టీవీ అన్నీ ఈ మోతాదులోనే మాట్లాడుకుంటాయి. టర్న్‌టేబుల్ ఒక్కటే వాటి మధ్య గుసగుసలాడుతుంది. అందువల్ల దాని మాటను సుమారు 100 రెట్లు, అంటే 40 డెసిబెల్స్, పెంచి ఇవ్వడం ఫోనో భాగం చేసే మొదటి పని. మూవింగ్ కాయిల్ అయితే ఈ పెంపు 1000 రెట్ల దాకా కావాలి, దాన్ని అన్ని రిసీవర్లూ ఇవ్వలేవు.

రెండో పని మరింత సూక్ష్మమైనది, చాలామందికి తెలియనిది. బాస్ స్వరాలను ఉన్నవి ఉన్నట్టుగా చెక్కితే గాడి పాములా బాగా వెడల్పుగా మెలికలు తిరగాలి. అప్పుడు పక్క గాడికి చోటు చాలక ఒక్కో వైపు పట్టే పాటలు తగ్గిపోతాయి, ముల్లు కూడా ఆ మెలికలను అనుసరించలేక ఎగిరిపడుతుంది. కాబట్టి రికార్డు చెక్కేటప్పుడే బాస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి చెక్కుతారు. వినిపించేటప్పుడు సరిగ్గా అంతే మేరకు బాస్‌ను పెంచి ట్రెబుల్‌ను తగ్గిస్తే పాట యథాస్థితికి వస్తుంది, రికార్డు మీది సన్నని గరగర కూడా ఆ తగ్గింపులో అణగిపోతుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్నది ఒకప్పుడు కంపెనీకొక తీరుగా ఉండేది. అమెరికాలోని రికార్డింగ్ పరిశ్రమ సంఘం 1954లో ఒక ఉమ్మడి కొలత నిర్ణయించాక క్రమంగా అదే అందరికీ ప్రమాణమైంది. ఆ సంఘం పొడి అక్షరాల మీదుగానే దాన్ని ఆర్‌ఐఏఏ కర్వ్ అంటారు. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 19 డెసిబెల్స్ పెంపు, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గింపు: ఈ అంకెలు చూస్తే అది చిన్న సవరణ కాదని అర్థమవుతుంది.

ఈ రెండు పనులూ జరగకుండా టర్న్‌టేబుల్ తీగను నేరుగా వైర్‌లెస్ స్పీకర్‌లో గుచ్చితే ఏం వినిపిస్తుందో పెదనాన్నగారింట్లో స్వయంగా విన్నాను. స్పీకరు శబ్దం చివరికంటా పెంచినా పాట పక్కింటి గోడ అవతల మోగుతున్నట్టే ఉంది. మృదంగం పూర్తిగా మాయమైంది, గాయకుడి గొంతులో 'స', 'ష'లు మాత్రం ఈల వేసినట్టు కోసుకుంటూ వచ్చాయి. స్పీకరు పాడైందని ఆయన అనుకున్నారు. దానిలో ఏ లోపమూ లేదు. దానికి చేరింది గాడిలో చెక్కిన వంకర పాటే, ఇంకా సరిచేయనిది.

దీనికి తలకిందులుగా జరిగే పొరపాటు కూడా ఉంది. ఈ మధ్య వస్తున్న చాలా టర్న్‌టేబుళ్లలో ఫోనో భాగం లోపలే ఉంటుంది. వెనకాల ఫోనో, లైన్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని లైన్‌లో పెట్టి, తీగను రిసీవర్ ఫోనో సాకెట్‌కు ఇస్తే సవరణ రెండు సార్లు జరిగిపోతుంది: బాస్ గుమ్మటంలో మోగినట్టు ఉబ్బిపోతుంది, గొంతు చిట్లుతుంది. రిసీవర్ ఫోనో సాకెట్ వాడదలిస్తే టర్న్‌టేబుల్ స్విచ్ ఫోనోలో ఉండాలి. రిసీవర్‌ను పక్కన పెట్టదలిస్తే ఆ స్విచ్ లైన్‌లో ఉండాలి. మొత్తం దారిలో ఫోనో సవరణ కచ్చితంగా ఒకసారే జరగాలి.

మన దేశంలోని పాత ఇళ్లలో తరచూ ఎదురయ్యే ఒక మినహాయింపు కూడా ఇక్కడే చెప్పాలి. సూట్‌కేసులా మూసుకునే పాత రికార్డ్ ప్లేయర్లలో చాలావాటికి, ఇప్పుడు చవకగా దొరికే అదే ఆకారపు కొత్తవాటికీ, ఉండేది క్రిస్టల్ లేదా సెరామిక్ కార్ట్రిడ్జ్. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, దాని స్వభావమే ఆ సవరణను సుమారుగా చేసేస్తుంది. దాన్ని ఫోనో సాకెట్‌కు ఇస్తే శబ్దం పగిలిపోతుంది. ఆక్స్‌కు ఇస్తే పాట వస్తుందిగానీ బాస్ పలచబడుతుంది, ఎందుకంటే ఆ కార్ట్రిడ్జ్‌కు 10 లక్షల ఓమ్‌ల దాకా నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి, మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌లో అందులో పదోవంతు కూడా ఉండదు. ఆ రకం ప్లేయర్‌ను దాని సొంత యాంప్లిఫయర్‌తో వినడమే నాకు న్యాయంగా అనిపిస్తుంది.

ఇరవై రంధ్రాలలో ఏది?

ఇప్పుడు పెదనాన్నగారి ప్రశ్నకు వద్దాం. రిసీవర్ వెనక ఉన్న సాకెట్లను లోపలికి తీసుకునేవి, బయటికి ఇచ్చేవి అని రెండు జాతులుగా విడదీసుకుంటే సగం భయం పోతుంది. ఫోనో, ఆక్స్, ట్యూనర్, సీడీ, టేప్ ప్లే అనేవన్నీ లోపలికి తీసుకునేవే. స్పీకర్‌కు పాట పంపాలంటే మనకు బయటికి ఇచ్చేది కావాలి. అవి మామూలుగా మూడు నాలుగే ఉంటాయి.

వాటిలో అన్నిటికంటే అనువైనది టేప్ అవుట్. కొన్నిటి మీద రెక్ అవుట్ అని రాసి ఉంటుంది. రేడియోలో వచ్చే పాటను క్యాసెట్‌లోకి ఎక్కించుకునే రోజుల్లో డెక్‌కు పాట పంపడానికి పెట్టిన సాకెట్ అది. ఫోనో సవరణ పూర్తయిన పాట లైన్ లెవెల్‌లో, వాల్యూమ్ నాబ్‌తో సంబంధం లేకుండా, స్థిరమైన మోతాదులో అక్కడ దొరుకుతుంది. బాస్, ట్రెబుల్ నాబ్‌లు కూడా చాలా సెట్లలో దాన్ని ముట్టుకోవు. క్యాసెట్ల కాలం పోయి ఆ సాకెట్‌ను ఎవరూ పట్టించుకోని ఈ రోజుల్లో, వైర్‌లెస్ స్పీకర్‌కు దానికి మించిన దారి లేదు. క్యాసెట్ డెక్ ఉండాల్సిన చోట ట్రాన్స్‌మిటర్‌ను ఊహించుకుంటే చాలు.

ప్రీ అవుట్ ఉంటే అదీ పనికొస్తుంది. అది వాల్యూమ్ నాబ్‌కు లోబడి ఉంటుంది కాబట్టి శబ్దాన్ని రిసీవర్ దగ్గరే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. హెడ్‌ఫోన్ సాకెట్ మూడో దారి. దాని బలం ఎక్కువ కాబట్టి నాబ్‌ను కింది నుంచి నెమ్మదిగా పెంచుకుంటూ రావాలి, పాటలో గట్టి చోట కరకర మొదలైన క్షణాన వెనక్కి తగ్గాలి. ట్రాన్స్‌మిటర్ లోపల పాట అంకెలుగా మారుతుంది, ఆ అంకెలకు ఒక పై హద్దు ఉంటుంది. దాన్ని దాటిన శబ్దపు శిఖరాలు నిలువునా తెగిపోతాయి, ఆ తర్వాత స్పీకరు దగ్గర ఎంత తగ్గించినా ఆ కరకర పోదు.

స్పీకరు తీగలు బిగించే ఎర్ర, నల్ల బిగింపుల జోలికి మాత్రం పోవద్దు. 50 వాట్ల రిసీవర్ 8 ఓమ్‌ల స్పీకర్‌కు పూర్తి బలం ఇచ్చినప్పుడు అక్కడ 20 వోల్టులు ఉంటాయి. ఆక్స్ సాకెట్ ఎదురుచూసేదానికి అది సుమారు 60 రెట్లు. పైగా కొన్ని సెట్లలో రెండు నల్ల బిగింపులు లోపల వేర్వేరు. వాటిని ఒక పిన్నులో కలిపితే స్పీకరే కాక రిసీవర్ కూడా కాలిపోవచ్చు. ఆ రెండు చివర్లకు పిన్ను అతికించి ఇస్తానని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి.

పెదనాన్నగారి రిసీవర్‌లో ఫోనోకు టర్న్‌టేబుల్, టేప్ అవుట్‌కు తీగ పెట్టాక కూడా మొదట ఏమీ వినిపించలేదు. అన్ని పిన్నులూ తీసి పెట్టి చూశాం. చివరికి ముందు వైపు, వరసగా ఉన్న బటన్లలో టేప్ మానిటర్ అని రాసి ఉన్నది లోపలికి నొక్కుకుని ఉండటం కంటపడింది. అది నొక్కి ఉంటే రిసీవర్ టేపు నుంచి వచ్చే శబ్దానికే చెవి ఒగ్గుతుంది. మామూలుగా దానివల్ల టేప్ అవుట్ ఆగిపోకూడదు. అయితే మేము పాట వస్తోందో లేదో రిసీవర్‌కు పెట్టిన హెడ్‌ఫోన్‌లో చూసుకుంటున్నాం, అందుకని పాటే లేదనుకున్నాం. బటన్ బయటికి రాగానే హెడ్‌ఫోన్‌లో పాట వచ్చింది, ఆ తర్వాత చూస్తే అసలు లోపం టేప్ అవుట్ సాకెట్లలో ఉంది. 30 ఏళ్లుగా ఎవరూ ముట్టని ఆ సాకెట్ల మీద సన్నని నల్లటి తుప్పు పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే రెండు చుక్కలు కొట్టి, పిన్నును నాలుగైదు సార్లు తిప్పుతూ పెట్టి తీశాక ఎడమ, కుడి రెండూ పలికాయి. చెన్నైలో పాత పరికరం ఏది మోగకపోయినా ముందు సాకెట్లు తుడవండి.

కొన్ని పాత సెట్లలో ఎడమ, కుడికి ఒక్కొక్కటిగా ఉండే ఆర్‌సీఏ సాకెట్లకు బదులు 5 పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటుంది. అందులో 1, 4 పిన్నులు రికార్డింగ్‌కు బయటికి ఇచ్చేవి. 3, 5 పిన్నులు లోపలికి తీసుకునేవి. దుకాణంలో దొరికే మార్పిడి తీగ 3, 5లకు మాత్రమే కలిపి ఉంటే ఎంతసేపు చూసినా నిశ్శబ్దమే. కొనేముందు ఏ పిన్నుకు ఏది కలిసిందో మీటరుతో చూపించమని అడగవచ్చు.

తీగా, గాలా

బయటికి ఇచ్చే సాకెట్ దొరికింది కాబట్టి ఇక మిగిలింది అక్కడి నుంచి స్పీకర్ దాకా ప్రయాణం. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: స్పీకర్‌కు ఆక్స్ సాకెట్ ఉండి, రిసీవర్ ఉన్న గదిలోనే అది కూడా ఉండబోతుంటే తీగే వాడండి. ఒక వైపు రెండు ఆర్‌సీఏ పిన్నులు, మరో వైపు 3.5 మి.మీ. స్టీరియో పిన్ను ఉన్న తీగ మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. జత కుదర్చడం, ఆలస్యం, తెగిపోవడం అనే మూడు బాధలూ ఆ ఒక్క తీగతో పోతాయి. వైర్‌లెస్ స్పీకర్‌కు తీగ పెట్టడం చిన్నతనమేమీ కాదు.

ఆక్స్ సాకెట్ లేకపోతే, లేదా స్పీకరు మరో గదిలో ఉంటే, బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కావాలి. ఇది అగ్గిపెట్టె అంత ఉండే పెట్టె, 3.5 మి.మీ. సాకెట్‌తో టేప్ అవుట్‌కు కలుస్తుంది. మొదటిసారి నేను కొన్నది తప్పు వస్తువు. ట్రాన్స్‌మిటర్ అని అడిగితే ఒక దుకాణంలో అచ్చం అలాగే ఉండే రిసీవర్‌ను చేతిలో పెట్టారు, ఇంటికి తెచ్చాకగానీ తెలియలేదు. రెండు పనులూ చేసేవాటిలో టీఎక్స్ (పంపడం), ఆర్‌ఎక్స్ (అందుకోవడం) అని చిన్న స్విచ్ ఉంటుంది. అది టీఎక్స్‌లో ఉండాలి. ఆ స్విచ్ లేని పెట్టె దేనికోసమో డబ్బులిచ్చే ముందే అడిగి తెలుసుకోవాలి.

ట్రాన్స్‌మిటర్‌కు తెర ఉండదు కాబట్టి అది జాబితా చూపించదు. జత కోసం ఎదురుచూస్తూ దగ్గరలో కనిపించిన పరికరాన్ని పట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్లలో పక్కింటివారి స్పీకరు అదే సమయంలో జత కోసం తెరిచి ఉంటే దాన్నే పట్టుకోవచ్చు. రెండు పెట్టెలనూ చేతికందే దూరంలో పెట్టి జత కలిపి, తర్వాత స్పీకర్‌ను దాని చోటికి తీసుకెళ్లడం మంచిది. ఆ స్పీకర్‌తో ఇదివరకు కలిసిన ఫోన్లన్నిటిలోనూ అప్పటికి బ్లూటూత్ ఆపేయాలి, లేకపోతే స్పీకరు వెలగగానే ఫోనే ముందు దాన్ని అందుకుంటుంది.

గాలిలో పంపేటప్పుడు పాటను కుదించక తప్పదు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుండే పాట, బ్లూటూత్ పరికరాలన్నిటికీ ఉమ్మడిగా తెలిసిన ఎస్‌బీసీ పద్ధతిలో మామూలుగా 328 కిలోబిట్లకు దిగుతుంది. ఇతర కుదింపు పద్ధతులలో ఆప్ట్‌ఎక్స్ 352 కిలోబిట్ల దగ్గర ఉంటుంది, ఎల్‌డీఏసీ 990 దాకా వెళ్లగలదు. అయితే ట్రాన్స్‌మిటర్‌కూ స్పీకర్‌కూ రెండిటికీ ఆ పద్ధతి తెలిసి ఉంటేనే అది పనిచేస్తుంది, ఒకదానికి తెలియకపోయినా ఎస్‌బీసీకే దిగుతాయి. గాడిలోంచి వచ్చే పాటను అంకెలుగా మార్చి, కుదించి, మళ్లీ విప్పి వింటే రికార్డు విన్న ఆనందం ఏం మిగులుతుందని కొందరు బాధపడతారు. నేను ఆ బాధను కొట్టిపారేయను. కానీ అరచేయంత కోను ఉన్న స్పీకర్ దగ్గర పాటకు అసలు పరిమితి ఆ కోను, ఆ పెట్టె పరిమాణం. కుదింపు వల్ల పోయేది దాని తర్వాతే వస్తుంది. బ్లూటూత్ పద్ధతుల గురించి బెంగపడే డబ్బుతో ముల్లు మార్చుకుంటే వినికిడిలో తేడా ఎక్కువ ఉంటుంది.

టర్న్‌టేబుల్‌లోనే ట్రాన్స్‌మిటర్ ఉన్నవి కూడా వస్తున్నాయి. ఆడియో టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్‌బీటీ, సోనీ పీఎస్-ఎల్‌ఎక్స్310బీటీ ఆ రకానివి. ఫోనో భాగం, ట్రాన్స్‌మిటర్ రెండూ లోపలే ఉండటం వల్ల రిసీవర్ అక్కర్లేదు. కొత్తగా కొనేవారికి అది తేలిక దారి. పాత టర్న్‌టేబుల్ ఉన్నవారు దానికోసం పాతదాన్ని వదులుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

వైఫై స్పీకర్ల కథ వేరు. అవి ఒక్కో కంపెనీ కుటుంబంలోనే మాట్లాడుకుంటాయి. సోనోస్ వారి ఫైవ్ స్పీకర్‌కు, పోర్ట్ అనే పెట్టెకు లైన్ ఇన్ సాకెట్ ఉంది. టేప్ అవుట్ నుంచి తీగను దానికిస్తే అక్కడి నుంచి ఇంట్లోని మిగతా సోనోస్ స్పీకర్లన్నిటికీ పాట వెళుతుంది. యమహా వారి మ్యూజిక్‌కాస్ట్ ఉన్న రిసీవర్ తనకు తీగలో వచ్చిన రికార్డు పాటను మ్యూజిక్‌కాస్ట్ స్పీకర్లకు పంచగలదు, డెనాన్ వారి హియోస్ కూడా అంతే. రిసీవర్ ఒక కంపెనీది, స్పీకరు మరో కంపెనీది అయితే వైఫై మీద అవి కలుస్తాయని ఆశ పెట్టుకోకూడదు. రిసీవర్ మీద ఎయిర్‌ప్లే అని ఉండటం కూడా ఫోను నుంచి పాట అందుకోగలదని చెప్పడానికే.

కలిపాక వచ్చే చిక్కులు

అన్నీ సరిగ్గా కలిపాక కూడా జుమ్మని ఒక మోత వినిపిస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు మోత. టర్న్‌టేబుల్ నుంచి రెండు ఆర్‌సీఏ పిన్నులతో పాటు చివర చీలిన రేకు ఉన్న సన్నని తీగ ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని ఏమిటో తెలియక మడిచి వదిలేస్తారు. దాన్ని రిసీవర్ వెనక జీఎన్‌డీ (గ్రౌండ్, అంటే ఎర్త్) అని ఉన్న మరకు బిగించాలి. మిల్లీవోల్టుల సిగ్నల్‌ను 100 రెట్లు పెంచే చోట చుట్టుపక్కల కరెంటు కూడా 100 రెట్లు పెరుగుతుంది మరి. ముల్లును మోసే కడ్డీ, అంటే టోన్‌ఆర్మ్, లోహాన్ని వేలితో తాకినప్పుడు మోత మారితే లోపం ఆ ఎర్త్ తీగ దగ్గరే ఉందని అనుకోవచ్చు. తాకినా మారకుండా సన్నని కూత కలిసి వస్తుంటే ట్రాన్స్‌మిటర్‌కు పెట్టిన చవక చార్జర్‌ను తీసి చూడండి. బ్యాటరీ మీద నడిపినప్పుడు అది ఆగితే దోషం చార్జర్‌దే.

బ్లూటూత్‌లో పాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఎస్‌బీసీలో అది సెకనులో అయిదో వంతు దాకా ఉండవచ్చు. రికార్డు వింటున్నప్పుడు పాట ఆ కాస్త ఆలస్యంగా మొదలైతే ఎవరికీ నష్టం లేదు. రిసీవర్‌కు పాత స్పీకర్లను కూడా ఉంచి రెండిట్లోనూ వినాలనుకుంటేనే కష్టం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది కాబట్టి ఆ ఆలస్యం దాదాపు 70 మీటర్ల అవతల మరో స్పీకరు పెట్టినదానితో సమానం. ఉత్సవ విగ్రహం ఊరేగేటప్పుడు వీధి చివరి లౌడ్‌స్పీకరు ముందుదాని వెనక పడుతూ పాడినట్టే వినిపిస్తుంది. రెండిట్లో ఒకటే మోగనివ్వాలి.

ఒక్క వైర్‌లెస్ స్పీకర్‌లో వింటే స్టీరియో పోతుందనే బాధ ఒకటుంది. స్టీరియో రికార్డులు పాశ్చాత్య దేశాలలో 1957, 1958ల నుంచి అమ్మకానికి వచ్చినా, మన పాత తెలుగు సినిమా రికార్డులలో చాలావరకు మోనోవే, అంటే ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే శబ్దం ఉన్నవే. మోనో రికార్డులో పాట గాడి పక్కలకు ఊగడంలోనే ఉంటుంది, పైకీ కిందికీ జరిగే కదలికలో ఉండేది దుమ్ము, గీతల శబ్దమే. ఎడమ, కుడి రెండు సిగ్నళ్లను కలిపినప్పుడు ఆ పైకిందుల శబ్దం ఒకదాన్నొకటి రద్దు చేసుకుని పాట మరింత శుభ్రంగా వినిపిస్తుంది. కాబట్టి ఆ రికార్డులకు ఒక్క స్పీకరు లోటు కాదు, ఒక రకంగా లాభం. స్టీరియో రికార్డు అయితే మాత్రం రెండు పిన్నులూ పెట్టాలి. ఒక్క ఎడమ పిన్నుతో సరిపెడితే కుడి వైపు వాయిద్యాలు అసలే రావు. రెండు ఆర్‌సీఏలను ఒకే పిన్నుగా ముడివేసే వై ఆకారపు తీగ కూడా వాడవద్దు, అందులో ఎడమ కుడి అవుట్‌పుట్లు ఒకదాని మీదికొకటి తోసుకుంటాయి. స్టీరియో తీగతో రెండిటినీ స్పీకర్‌కు చేరిస్తే కలపడం అదే చూసుకుంటుంది.

స్పీకర్‌ను టర్న్‌టేబుల్ ఉన్న బల్ల మీద పెట్టకూడదు. చిన్నది కదా అని పక్కనే పెడితే దాని బాస్ అదురు బల్లలోంచి ముల్లుకు ఎక్కుతుంది, ముల్లు దాన్ని కూడా పాటగానే చదివి మళ్లీ స్పీకర్‌కు పంపుతుంది. శబ్దం పెంచేకొద్దీ కింద ఒక గుర్రుమనే మోత పెరుగుతూ పోతుంటే కారణం ఇదే. వేరే బల్ల మీద, వీలైతే గోడకు కొట్టిన అలమర మీద ఉంచాలి. మధ్యలో కాంక్రీటు గోడ ఒకటి కంటే ఎక్కువ లేకుండా చూసుకుంటే, మామూలు బ్లూటూత్ చేరగలిగే 10 మీటర్ల లోపు పాట తెగకుండా అందుతుంది. వైఫై రూటర్ కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌ను రూటర్‌కు ఆనించి పెట్టవద్దు.

పెదనాన్నగారింట్లో చివరికి నిలిచిన అమరిక ఇది: టర్న్‌టేబుల్ తీగలు ఫోనోలో, ఎర్త్ తీగ మరకు, టేప్ అవుట్ నుంచి ట్రాన్స్‌మిటర్, వరండా గోడ మీద స్పీకరు. రిసీవర్ వాల్యూమ్ నాబ్ ఎంత తిప్పినా శబ్దం మారడం లేదని ఆయన రెండో రోజే ఫోన్ చేశారు. టేప్ అవుట్ నాబ్‌కు లోబడదని, శబ్దం స్పీకరు దగ్గరే పెంచుకోవాలని చెప్పాను. మూడో రోజు ఇంకో సంగతి అడిగారు. మొదటి వైపు అయిపోయాక ఆయన లేచి, రికార్డు తిప్పి, గుడ్డతో దుమ్ము తుడిచి ముల్లు పెట్టేలోగా స్పీకరు నిద్రలోకి జారుకుంటోంది. బ్యాటరీ మిగుల్చుకోవడానికి కాసేపు శబ్దం రాకపోతే అది తనంతట తానే ఆగిపోతుంది, మళ్లీ మేల్కొని ట్రాన్స్‌మిటర్‌ను వెతుక్కునే సరికి పల్లవి సగం అయిపోతుంది. ఆ స్పీకర్ యాప్‌లో దానంతట అదే ఆగే సమయాన్ని మార్చే వీలుంది. ఫోనులో అది వెతికి మార్చి, బ్లూటూత్ ఆపేసి, ఫోను మళ్లీ ఆయన చేతికిచ్చాను.